పది హార్స్‌పవర్లకు లక్ష రూపాయలా?

మా ఆపా కొడుకు సొంతంగా పికప్ బండి కొనుక్కుంటానని అన్నప్పటి నుంచి మా ఖాందాన్‌లో అందరూ ఇంజినీర్లయిపోయారు. దావత్‌లో బిర్యానీ ముందు కూర్చున్నా అదే బాత్. డెబ్భై హార్స్‌పవర్ చాలా, ఎనభై కావాలా? బండి తోలడం రాని చాచాలు కూడా టార్క్ గురించి ఫత్వాలిచ్చారు. చివరికి మామ్లా నా దగ్గరికి వచ్చింది. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయని మనవాళ్లకో నమ్మకం కదా.

"మామూ, మీరు హా అంటే అమ్మీ కూడా హా అంటుంది" అన్నాడు మా భాంజా. అంటే నాకు మష్వరా అడగడం లేదు, సిఫారిష్ అడుగుతున్నాడు.

వాళ్లుండేది గుడ్లవల్లేరులో. గుడివాడ నుంచి మచిలీపట్నం పోయే రైలు మార్గంలో, పెడన కన్నా ముందొచ్చే ఊరు. బయటివాళ్లకు ఇంజినీరింగ్ కాలేజీ పేరుతోనే తెలుసు. మా భాంజా ఆ కాలేజీ గేటు ముందు నుంచి రోజూ పోతాడు గానీ లోపలికి వెళ్లింది మాత్రం క్యాంటీన్‌కి సామాన్లు దింపడానికే. ఇంటర్ తర్వాత చదువు ఆగింది. ఆరేళ్లుగా వేరేవాళ్ల బండి తోలుతున్నాడు. నెల జీతం, బయటికి పోతే బత్తా. ముదినేపల్లి, కైకలూరు వైపు చెరువులకు మేత బస్తాలు, పట్టుబడి రోజున ఐసు, ట్రేలు, బతికిన చేపలైతే నీళ్ల ట్యాంకు. కోతల కాలంలో ధాన్యం. అప్పుడప్పుడు అవనిగడ్డ, నాగాయలంక దాకా రొయ్యల పని. మెహనత్ వాడిది, కమాయీ ఓనరుది. ఇరవై ఆరేళ్లొచ్చాయి. సొంత బండి అనేది వాడికి ఇజ్జత్ కూడా.

కాబట్టి ఈ సవాలును తేలిగ్గా తీసుకోలేదు. తేడా సుమారు లక్ష రూపాయలు. మా ఆపా ఇంట్లో లక్ష రూపాయలంటే రెండు జతల బంగారు గాజులు. అవి చిన్నమ్మాయి షాదీ కోసం దాచినవి.

ముందు కేటలాగు చదివాను. వాడు మనసు పడ్డది మహీంద్రా బొలేరో మ్యాక్స్ పికప్. 2023 ఏప్రిల్‌లో ఈ వరసను కొత్తగా తెచ్చినప్పుడు కంపెనీ ప్రకటించిన అంకెలు ఇవి: డీజిల్ ఇంజిన్ 52.2 కిలోవాట్లు, 200 న్యూటన్ మీటర్ల టార్క్ దగ్గర మొదలై, 59.7 కిలోవాట్లు, 220 న్యూటన్ మీటర్ల దాకా. మోసే బరువు 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా. కిలోవాట్లను మన భాషలోకి మారిస్తే ఒకటి 70 హార్స్‌పవర్, ఇంకోటి 80. పవర్‌లో పద్నాలుగు శాతం ఎక్కువ, టార్క్‌లో పది శాతం ఎక్కువ.

ఇక్కడే అందరూ తికమకపడతారు. ఉర్దూ మీడియం బళ్లో మాకు 'తాఖత్' అనే ఒక్క మాటతో అన్నీ చెప్పేసేవారు. ఇంజిన్ విషయానికొస్తే రెండు మాటలు కావాలి. టార్క్ అంటే మరోడ్, తిప్పే బలం. హార్స్‌పవర్ అంటే ఆ బలంతో ఎంత వేగంగా పని అయిందనేది. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెక్క అచ్చును గుడ్డ మీద పెట్టి ఎంత బలంగా గుద్దుతాడన్నది టార్క్. నిమిషానికి ఎన్నిసార్లు గుద్దుతాడన్నది ఆర్‌పీఎమ్. సాయంత్రానికి ఎన్ని గజాలు తేలిందన్నది పవర్. గట్టి చెయ్యి ఉండి నింపాదిగా కొట్టేవాడు, తేలిక చెయ్యి ఉండి చకచకా కొట్టేవాడు ఇద్దరూ ఒకే గజాలు తీయొచ్చు. కానీ మందపాటి గుడ్డ వచ్చిన రోజు గట్టి చెయ్యే కావాలి. లోడు బండికి టార్క్ ఎందుకు ముఖ్యమో ఇంతే హిసాబ్.

మరి మన దగ్గర మందపాటి గుడ్డ ఎంత ఉంది? అంటే, ఎంత ఎత్తు ఎక్కాలి?

కృష్ణా డెల్టా చేతితో రాసినట్టు చదునైన నేల. గుడివాడ నుంచి బందరు దాకా ఎత్తులంటే కాలవ వంతెనలు, రైల్వే గేట్ల దగ్గర దిబ్బలు, అంతే. నేనొక లెక్క వేసుకున్నాను. బండి, సరుకు కలిపి మూడు టన్నులు అనుకుందాం. చదును తారు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే టైర్ల రాపిడిని, గాలిని తోసుకుపోవడానికి చక్రాల దగ్గర పదిహేను హార్స్‌పవర్ చాలు. 80 వేగానికి ముప్ఫై లోపు. ఏ ఇంజిన్ తీసుకున్నా సగం పైన ఊరికే కూర్చుంటుంది. అదే వందకు ఐదు అడుగులు లేచే ఘాట్ రోడ్డు మీద 60 వేగం కావాలంటే చక్రాల దగ్గరే యాభైకి దగ్గరగా కావాలి. అరకు, పాడేరు వైపు నడిపేవాడికి ఆ పది హార్స్‌పవర్లు నిజంగా పనికొస్తాయి. గుడ్లవల్లేరు నుంచి కైకలూరు పోయేవాడికి అవి పెళ్లిలో వేసుకునే షేర్వానీ లాంటివి. బాగుంటుంది, రోజూ వేసుకోం.

ఇది చెప్పగానే వాడు ఊరుకోలేదు. "మామూ, మీరు తారు రోడ్డు చూసి రాశారు. ఒక్కసారి చెరువు గట్టు ఎక్కి చూడండి" అన్నాడు. హఖ్ బాత్. ఒక రోజు వాడి పక్కన కూర్చుని వెళ్లాను.

తెల్లవారుజామున పట్టుబడి. గట్టు మీద మట్టి రోడ్డు, రాత్రి చినుకులు పడ్డాయి. లోడయ్యాక గట్టు నుంచి పైరోడ్డుకు ఎక్కే చోట బండి ఆగిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. వాడు నా వైపు చూశాడు, 'చూశారా' అన్నట్టు. నేను చక్రాల వైపు చూశాను. చక్రాలు తిరుగుతున్నాయంటే ఇంజిన్‌కు బలం చాలకపోవడం కాదు కదా. బలం సరిపోయింది, నేల పట్టు ఇవ్వలేదు. మొదటి గేరులో గేరుబాక్సూ వెనక యాక్సిలూ కలిసి ఇంజిన్ టార్క్‌ను పదిహేను రెట్లు దాకా పెంచి చక్రానికి ఇస్తాయి. తడి నల్లరేగడి మీద 220 ఉన్నా 200 ఉన్నా చక్రం అలాగే జారుతుంది, ఇంకొంచెం ఎక్కువగానే జారొచ్చు. ఆ రోజు బండిని పైకి తెచ్చింది వరి గడ్డి, రెండు చెక్కలు, నలుగురు మనుషులు. వెనక టైర్ల బటన్లు అరిగిపోయి ఉన్నాయి. ఓనరు మార్చడు.

గుడివాడలో వాడికి తెలిసిన మెకానిక్ దగ్గరికి కూడా వెళ్లాం. మనవాడే, చిన్నప్పటి నుంచి డీజిల్ పంపుల మధ్య పెరిగినాయన. ఆయన చెప్పింది నాకు నచ్చింది. "భాయ్, రెండూ ఒకే రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఇంటివే. ఎక్కువ పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ గాలి, ఎక్కువ డీజిల్. ఆసమాన్ నుంచి రాదు" అన్నాడు. తర్వాత భాంజా వైపు తిరిగి, "అయితే ఒక మాట. ఎప్పుడూ ఫుల్ లోడుతో ఉండే బండికి పెద్ద ఇంజిన్ ఉంటే క్లచ్ మీద, గేర్ల మీద దెబ్బ తక్కువ. డ్రైవరుకు అలసట తక్కువ. అది అబద్ధం కాదు" అన్నాడు. ఇద్దరి పక్షాన ఒక్కో మాట చెప్పి టీ తాగాడు.

మైలేజీ సంగతి కూడా అడిగాను. పెద్ద ఇంజిన్ తప్పనిసరిగా ఎక్కువ తాగుతుందని లేదు, కుడికాలు ఎక్కువ తాగిస్తుంది అన్నాడు. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి లీటరుకు 13 వస్తే 231 లీటర్లు కావాలి. 12 వస్తే 250. లీటరు వంద రూపాయలనుకుంటే ఒక్క కిలోమీటరు తేడాకు నెలకు 1,900. పవర్ ఉంది కదా అని తొక్కితే ఆ మాత్రం పోవడం పెద్ద కష్టం కాదు.

వేరే బళ్లు కూడా చూశాం, న్యాయంగా ఉండాలని. టాటా వాళ్లు 2022లో తెచ్చిన యోధా 2.0లో 2.2 లీటర్ల ఇంజిన్, 100 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు, రెండు టన్నుల లోడు. అశోక్ లేలాండ్ 2020లో తెచ్చిన బడా దోస్త్‌లో ఒకటిన్నర లీటరు ఇంజిన్, 80 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్లు. హార్స్‌పవర్‌లో బడా దోస్త్ పెద్ద బొలేరోతో సమానం, టార్క్‌లో చిన్న బొలేరో కన్నా తక్కువ. అంకె ఒక్కటే చూసి కొంటే ఎలా తికమకపడతామో చూడండి. ఇంకో సంగతి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజిన్ రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. దాంతోనే మన ఊళ్లలో ఎంతమంది ఇళ్లు కట్టారో, ఆడపిల్లల నికాహ్‌లు చేశారో మీకూ తెలుసు. రిజ్క్ హార్స్‌పవర్‌తో కొలిచి రాదు.

కానీ భాంజా దగ్గర ఒక గట్టి దలీల్ ఉంది. ఎక్కువ తాఖత్ ఉన్న రకాలు ఎక్కువ బరువు మోయడానికి చేసినవి. ఇంజిన్ ఒక్కటే కొనడం లేదు, దాంతోపాటు గట్టి స్ప్రింగులు, పెద్ద తొట్టి, కాగితం మీద ఎక్కువ బరువు కూడా కొంటున్నాం. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు. 1.3 టన్నుల బండిలో 17 బస్తాలు, 1.7 టన్నుల బండిలో 22. ట్రిప్పుకు ఐదు బస్తాలు ఎక్కువ. నీళ్ల ట్యాంకయితే ఇంకా త్వరగా తేలుతుంది. వెయ్యి లీటర్ల నీళ్లంటేనే టన్ను. చేపల బరువు ఇంకా లెక్కలోకే రాలేదు.

అసలు ప్రశ్న ఇంజిన్ గురించి కాదని నాకు అక్కడ అర్థమైంది. బరువు ఎంత ఎక్కుతుంది, ఆ బరువుకు డబ్బు ఎవరు ఇస్తారు అన్నదే ప్రశ్న.

అప్పుడు వాడికొక పని పెట్టాను. "బేటా, ఒక నెల నోటుబుక్కు రాయి. ప్రతి లోడు ఎంత బరువు, ఎంత దూరం, ఎంత కిరాయి, తిరిగొచ్చేటప్పుడు ఏమైనా వేశారా లేదా. తర్వాత మాట్లాడదాం." వాడికి కోపమొచ్చింది. మామూ తప్పించుకుంటున్నాడనుకున్నాడు. అయినా రాశాడు. వేబ్రిడ్జి చీటీలు ఉన్నచోట చీటీలు, లేనిచోట బస్తాల లెక్క.

నెలాఖరుకు నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాం. నేను, భాంజా, దుల్హే భాయ్. ఆపా వంటింటి గుమ్మంలో. మొత్తం 44 లోడ్లు. అందులో 33 లోడ్లు 1.3 టన్నుల లోపే. పైన పోయినవి 11. ఆ 11లో ఏడు రెండు టన్నులు కూడా దాటినవి. అంటే పెద్ద బండి కొన్నా అవి ఓవర్‌లోడే. మిగిలినవి నాలుగు. పెద్ద బండి ఉంటే ఖానూన్ ప్రకారం, కాస్త ఎక్కువ కిరాయితో తోలగలిగేవి నెలకు నాలుగంటే నాలుగు.

ఆ ఏడు లోడ్ల మీద కాసేపు ఆగాం. అవి ఎవరి కోసం? సరుకువాళ్లు రెండో బండి కిరాయి మిగుల్చుకోవడం కోసం. కిరాయి ట్రిప్పు లెక్కన ఇస్తారు. రెండున్నర టన్నులు వేసినా అదే డబ్బు. బండి గట్టిదయితే ఇంకా పోస్తారు. మిగిలేది వాళ్లకి, అరిగేది మనది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడ్‌కు జుర్మానా 20 వేల రూపాయలు, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకు 2 వేలు. ఎక్కువ సరుకును అక్కడే దింపించాలి కూడా. జుర్మానా రాసేటప్పుడు ఇంజిన్‌లో దమ్ముందా లేదా అని ఎవరూ అడగరు. ఇంజిన్ లాగగలిగిందల్లా బ్రేకులు ఆపలేవు. కాలవ గట్టు మలుపులో ట్యాంకులో నీళ్లు ఒక పక్కకు ఊగినప్పుడు పది హార్స్‌పవర్లు ఏ కామ్‌కూ రావు.

తర్వాత పైసల హిసాబ్. లక్ష రూపాయలు ఎక్కువ ఫైనాన్స్‌లో తీసుకుంటే, వడ్డీ 11 శాతం అనుకుంటే, నాలుగేళ్లపాటు నెలకు సుమారు 2,585. మొత్తం కట్టేది లక్షా ఇరవై నాలుగు వేలు. ఆ ఇరవై నాలుగు వేలూ సూద్. దుల్హే భాయ్ ముఖం అక్కడ ముడుచుకుంది. ఆయన జిందగీలో సూద్‌కు దూరంగా బతికిన మనిషి. కొడుకు బండి కోసం ఫైనాన్స్ తప్పదని ఒప్పుకోవడానికే ఆయనకు చాలా రోజులు పట్టింది. "జరూరత్‌కు తీసుకున్నది వేరు, షౌఖ్‌కు తీసుకున్నది వేరు" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ నాలుగు లోడ్లకు, ఒక్కోదానికి 500 ఎక్కువ వచ్చిందనుకున్నా నెలకు 2,000. కిస్తీ 2,585. ఎక్కువ డీజిల్ కలపకుండానే చాలడం లేదు. ఆరు లోడ్లు ఉంటే సరిపోయేది. "కోతల నెలల్లో ఆరు కాదు, పన్నెండు ఉంటాయి మామూ" అన్నాడు వాడు. నిజమే. కానీ కిస్తీ పన్నెండు నెలలూ ఉంటుంది, కోతలు రెండు నెలలే ఉంటాయి.

నోటుబుక్కులో చివరి గడి మాత్రం ఎవరూ అడగకుండానే మాట్లాడింది. 44 ట్రిప్పుల్లో తిరిగొచ్చేటప్పుడు లోడు ఉన్నవి ఆరు. మిగతా 38 సార్లు ఖాళీగా వచ్చాడు. డీజిల్ కాల్చుకుంటూ, గాలి మోసుకుంటూ. వాటిలో ఇంకో ఆరింటికి 600 చొప్పున ఎదురు సరుకు దొరికినా నెలకు 3,600. దానికి ఇంజిన్ మార్చక్కర్లేదు. గుడివాడ మార్కెట్‌లో, పెడనలో, బందరులో నలుగురి ఫోన్ నంబర్లు కావాలి. చేపల నీచు లేకుండా తొట్టి కడగాలి, ఒక మంచి టార్పాలిన్ కావాలి. వేరేవాళ్ల బండి తోలేవాడికి ఇది పట్టదు. ఖాళీగా వచ్చినా జీతం అదే. ఓనరయ్యాక ఇదే బర్కత్.

ఎక్కువ తాఖత్ ఉన్న ఇంజిన్ ఎవరికి పనికొస్తుందో కూడా సాఫ్‌గా చెప్పాలి, లేకపోతే ఇన్సాఫ్ కాదు. ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లకు. నెలలో సగానికి పైగా లోడ్లు ఒకటిన్నర టన్నుకు దగ్గరగా ఉండి, ఆ బరువుకు కిరాయి కూడా పెరిగేవాళ్లకు. కుండీల్లో నీళ్లు, చేపలు రోజూ తోలుతూ ఖానూన్ లోపల ఉండాలనుకునేవాళ్లకు. హైవే మీద దూరం పోతూ గంట ముందు చేరితే సరుకుకు ధర దొరికేవాళ్లకు. వీళ్లు లక్ష పెడితే వసూలవుతుంది. మా భాంజా నోటుబుక్కులో అలాంటి మనిషి కనిపించలేదు, కనీసం ఈ నెలలో.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే చిన్నదే అంటారా?" అన్నాడు. 'చిన్నది' అన్న మాటలో ఉన్న బాధ నాకు తెలిసింది. ఆరేళ్లు వేరేవాడి బండి తోలి, మొదటిసారి తనది కొంటూ, అందులోనూ తక్కువదా అని. అప్పుడు ఆపా వంటింట్లోంచి వచ్చి గాజుల డబ్బా బల్ల మీద పెట్టింది. "వాడి దిల్ విరగొద్దు. అమ్మేయండి. చిన్నదాని నసీబ్‌లో ఉంటే మళ్లీ వస్తాయి" అంది.

ఆ డబ్బాను వెనక్కి తోసింది నేను కాదు, దుల్హే భాయ్ కాదు. వాడే. "నై అమ్మీ, లోపల పెట్టు" అన్నాడు. "నాలుగు లోడ్ల కోసం వద్దు."

70 హార్స్‌పవర్ బండే తీసుకున్నారు. నా వంతుగా నలభై వేలు ఖర్జె హసనా ఇచ్చాను, డౌన్ పేమెంట్ పెరిగి ఫైనాన్స్ కొంత తగ్గింది. టైర్లు అరగనివ్వనని, ఐసు నీళ్లు చాసిస్‌లో నిలవకుండా ప్రతి రాత్రి కడుగుతానని, టర్బో ఉన్న ఇంజిన్‌ను ఫుల్ లోడు మీద వచ్చి టక్కున ఆపకుండా అర నిమిషం తిరగనిచ్చి ఆపుతానని మెకానిక్ దగ్గర వాదా చేశాడు. ఉప్పు, ఐసు కలిసి తినేసే బండ్లు మన వైపు ఇంజిన్ చెడి పోయేవాటికన్నా తక్కువేం కాదు.

మొన్న ఫోన్ చేశాడు. ఒక సరుకాయన రెండు టన్నులు వేస్తానంటే కుదరదన్నాడట. "ఈ బండికి అంత తాఖత్ లేదు సేఠ్, రెండు ట్రిప్పులు వేస్తాను, రెండు కిరాయిలు ఇవ్వండి అన్నాను మామూ" అని నవ్వాడు. సేఠ్ కాసేపు గొణిగి ఇచ్చాడట. ఇంకొకరు ఇవ్వకుండా వేరే బండి పిలుచుకున్నారట. రెండూ నోటుబుక్కులో రాశాడు. మూడేళ్ల తర్వాత ఆ పుస్తకం చూసి, లోడ్లు నెలకు ఆరు దాటితే అప్పుడు పెద్ద ఇంజిన్‌కు నేనే సిఫారిష్ చేస్తానన్నాను. ఇన్షా అల్లాహ్ అన్నాడు.